ఓడ ఆగింది కదా అని

ఆయన ఏదీ నేరుగా అడిగి ఎరగడు. దాహమేస్తే మంచినీళ్లిమ్మనేవాడు కాదు, "ఈయేల ఎండ గట్టిగా ఉన్నాది" అనేవాడు. పిన్ని గ్లాసు తెచ్చి ముందు పెట్టేది. ఆకలేస్తే "టైమెంతైనాది?" అనేవాడు. వాచీ ఆయన చేతికే ఉండేది. పిన్ని ఏమీ అనకుండా పళ్లెం వేసేది. నలభై ఏళ్లకు పైగా వాళ్లిద్దరి కాపురం అలాగే నడిచింది. ఆవిడ పోయాక ఆయన మాటలకు అర్థం చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

గత నెల ఆయన కూడా పోయాడు. పొద్దున్నే పాలవాడు తలుపు కొట్టి కొట్టి, చివరికి నాకు ఫోన్ చేశాడు. పక్క క్వార్టర్ వాళ్లం నలుగురం కలిసి తలుపు తీశాం. విజయనగరంలో ఉన్న ఆయన అన్నకొడుక్కి కబురు చెప్పాను. తరవాత ఫోన్ చేతిలో పట్టుకుని వరండాలో కాసేపు నిలబడిపోయాను. నా ఫోన్‌లో ఒక నంబరు ఉంది. దానికి ఇన్నాళ్లూ పేరు పెట్టుకోలేదు.

ఆయన ఇక్కడి భిలాయి ఉక్కు కర్మాగారంలో, మా నాన్నతో ఒకే మిల్లులో పనిచేశాడు. ఓవర్‌హెడ్ క్రేన్ నడిపేవాడు. ఆ చప్పుడులో మాట వినపడదు. కింద నిలబడ్డవాడు చేతులతో సైగ చేస్తాడు, పైన క్యాబిన్‌లో ఉన్నవాడు బరువు ఎత్తుతాడు, దించుతాడు. ముప్పై ఏళ్లు ఆ సైగలతో బతికినవాడికి రిటైరయ్యాక కూడా నోటికంటే చెయ్యే ముందు లేచేది. అరచెయ్యి కిందకు తిప్పి ఆడిస్తే మెల్లగా దించమని. పిడికిలి బిగిస్తే ఆపమని. మా మార్కెట్‌లో టీకొట్టు యాదవ్ గ్లాసులో చాయ్ పోస్తుంటే కూడా ఆ చెయ్యి ఆడుతూనే ఉండేది. "చాచా, చాయే పోస్తున్నా, కాలుతున్న ఇనుము కాదు" అని అతను హిందీలో నవ్వుతూ అనేవాడు. ఆయన నవ్వేవాడు కాదు. పిడికిలి బిగించేవాడు. చాలు అని.

ఇంకొకటి, ఒట్టు. ఒకసారి క్యాంప్ 2లో ఒక కొట్టువాడు పాడైపోయిన ఆవనూనె అంటగట్టాడని, ఆ వీధిలో మళ్లీ కాలు పెట్టనన్నాడు. పెట్టలేదు. కూరల బజారుకు ఆ వీధిలోంచే దగ్గరి దారి. పదకొండేళ్లు సైకిల్ మీద చుట్టూ తిరిగి వెళ్లాడు. ఆ కొట్టువాడు కొట్టు అమ్మేసి ఊరొదిలి వెళ్లిపోయాక కూడా చుట్టూ తిరిగే వెళ్లాడు. "మనిషి లేడు కదా బాబాయ్, ఇంకెందుకు?" అని అడిగితే, "ఒట్టు ఈదికి గాని మనిసికేటి?" అన్నాడు.

ఆయనకు ఒక్కతే కూతురు. నాకంటే రెండేళ్లు పెద్దది. ఇక్కడ పుట్టిన పిల్లలందరిలాగే నేను ఆవిణ్ణి దీదీ అనే పిలిచేవాణ్ణి. ఇరవై రెండేళ్ల కిందట పక్క బ్లాకులో ఉండే మలయాళీ కుర్రాణ్ణి పెళ్లి చేసుకుని అతనితో కొచ్చి వెళ్లిపోయింది. ఆ రోజు బ్లాకు బ్లాకంతా బయట నిలబడి చూస్తుంటే, ఆయన వరండాలోకి వచ్చి ఒక్కమాట అన్నాడు. "నాను బతికుండగా ఆ ఊరు ఎల్లను. ఆల గుమ్మం తొక్కను." తరవాత ఆ ఇంట్లో ఆ పిల్ల పేరు వినపడలేదు. పిన్ని జబ్బుపడి ఆసుపత్రిలో పదిరోజులుండి పోయినప్పుడు కూడా వినపడలేదు. కబురు పంపుదామా అని నేను అడగబోతే పిడికిలి చూపించాడు. పంపడానికి నా దగ్గర అడ్రసూ లేదు.

పిన్ని పోయిన నాలుగు నెలలకు ఆయన నా దుకాణానికి వచ్చాడు. సెక్టర్ 2 మార్కెట్‌లో రైలు టికెట్లు, జిరాక్సులు, ఆధార్ పనులు చేసే కొట్టు నాది. స్టూలు లాక్కుని కూర్చుని, కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచి అడిగాడు.

"ఒరే, జనాలు షికారుకి ఎల్లే ఓడలున్నాయంట గదా?"

"ఉన్నాయి బాబాయ్. మీకెందుకు?"

"రిటైరైనోలందరూ ఎల్తన్నారు. సముద్రం సూడాల."

విజయనగరం మనిషికి సముద్రం చూడని లోటేమిటా అనుకుంటూనే చూపించాను. ముంబై నుంచి గోవా. పిడికిలి. చెన్నై నుంచి ఇంకోటి. పిడికిలి. ఓడలో ఏముంటాయి, తిండి ఎలా ఉంటుంది, గది ఎంత, ఏదీ అడగడు. "ఇది ఎక్కడెక్కడ ఆగుతాది?" అంతే. పది నెలలపాటు వారానికి రెండుసార్లు వచ్చాడు. నేను కొత్తగా ఏదైనా కనపడితే చదివేవాణ్ణి, ఆయన పిడికిలి బిగించి వెళ్లిపోయేవాడు. ఒకనాడు, "ముంబైలో ఎక్కితే మూడోరోజు కొచ్చి. పగలంతా అక్కడే ఆగుతుంది" అన్నాను. చెయ్యి లేవలేదు. కళ్లజోడు తీశాడు. తుడవటం మొదలుపెట్టాడు.

అప్పుడు నాకు తెలిసింది.

"బాబాయ్, కొచ్చికి మన పక్క దుర్గ్ మీదుగానే రైలుంది. ఇక్కడెక్కి అక్కడ దిగొచ్చు."

ఆయన నా మొహంలోకి చూడకుండా అన్నాడు. "నాను ఆ ఊరెల్తానన్నానేటి? ఓడ ఎల్తాది. అది ఆగుతాది. ఆగితే అందరూ దిగుతారు. దిగినోడు నాలుగడుగులు ఎయ్యడేటి?"

ఇంకా కాసేపు కూర్చున్నాడు. "ఒక్కడికి గది పెద్దదైపోద్ది" అన్నాడు. నన్ను రమ్మని అడగటం అది. సరేనన్నాను.

అక్టోబరులో బయల్దేరాం. ఓడలో అందరూ పాటలు, ఆటలు. మాకున్నది ఒక గుడ్డసంచీ. అందులో పిన్ని నీలం చీర ఒకటి, పక్కింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ చేత చేయించిన ఖుర్మీల డబ్బా. ఆ బెల్లం గోధుమ బిళ్లలంటే దీదీకి చిన్నప్పుడు ప్రాణం. ఇవికాక ఒక పాత కవరు. పిన్ని పోయాక బీరువా అరలో కాగితం కింద దొరికిందట. దీదీ ఎప్పుడో తల్లికి రాసింది. ఉత్తరం లేదు, కవరే ఉంది. వెనకవైపు అడ్రసు. భోజనానికి వెళ్లినా ఆ సంచీ ఆయన భుజానే ఉండేది.

పొద్దున ఎనిమిదింటికి కొచ్చి చేరాలి. వాన. మామూలు వాన కాదు, ఎదురుగా రేవు ఉందో లేదో తెలియనంత వాన. గాలికి ఓడను లోపలికి తీసుకెళ్లటం కుదరలేదని మైకులో చెప్పారు. ఎనిమిది తొమ్మిదైంది, తొమ్మిది పదైంది. ఆయన డెక్ మీద ఓడవాళ్లిచ్చిన పసుపు రెయిన్‌కోటు వేసుకుని నిలబడే ఉన్నాడు. వాన కాస్త పలచబడి, రేవులో ఒక పెద్ద క్రేన్ కంటెయినర్ ఎత్తుతూ కనపడింది. ఆయన చెయ్యి తనంతట తనే లేచి మెల్లగా కిందకు ఆడింది. "మంచి ఆపరేటరు. ఇంత గాలిలోనూ బరువు ఊగనివ్వటం నేదు" అన్నాడు. ఆ మూడురోజుల్లో ఆయన సంతోషంగా అన్న మాట అదొక్కటే.

పదకొండున్నరకు ఓడ ఆగింది. వరసలో నిలబడి కిందకు దిగేసరికి ఒంటిగంట. మెడలో వేసుకున్న కార్డు చూసి గేటు దగ్గర చెప్పారు, నాలుగింటికల్లా వెనక్కి రావాలని. ఓడ ఎవరికోసమూ ఆగదని.

ఆటో ఎక్కాం. వంతెన దాటడానికే అరగంట పట్టింది. రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు. కవరు మీదున్న ఇంటికి వెళితే అక్కడ వేరే వాళ్లున్నారు. ఆ ఇంటావిడ హిందీ రాక, చేత్తో కుట్టుమిషను తిప్పినట్టు చేసి, దూరంగా చూపించింది. ఆటోవాడు హిందీ వచ్చినవాడు, మంచివాడు. దిగి నాలుగు కొట్లలో అడిగాడు. భిలాయి నుంచి వచ్చిన కోడలు, బట్టలు కుడుతుంది అంటే ఎవరో ఒక సందు చెప్పారు. అది కాదు. ఇంకో సందు. అదీ కాదు. ఆయన సంచీని రెయిన్‌కోటు లోపల పొట్టకు అదుముకుని వాచీ చూసుకుంటున్నాడు. పెదవులు తెల్లబడిపోయాయి. ఒకచోట నీళ్లలో ఆటో ఆగిపోతే దిగి తనే తోశాడు, డెబ్బై ఏళ్ల మనిషి. రెండూ యాభైకి ఆకుపచ్చ గేటున్న ఇల్లు దొరికింది. వరండాలో కుట్టుమిషను కనపడుతోంది.

పదహారేళ్ల పిల్ల గొడుగు వేసుకుని వచ్చి మలయాళంలో ఏదో అడిగింది. ఆయన ఆ పిల్ల మొహం చూసి అలాగే నిలబడిపోయాడు. అచ్చం పిన్ని నుదురు. "మమ్మీ హై?" అని నేనడిగాను. పిల్ల లోపలికి తిరిగి అమ్మను కేకేసింది.

దీదీ చేతులు తుడుచుకుంటూ వచ్చి మెట్టు మీద ఆగింది. ముందు నన్ను చూసింది. తరవాత ఆయన్ని. మెట్టుకూ గేటుకూ మధ్య పది అడుగులుంటాయి. ఆయన గేటు బయట వానలో ఉన్నాడు.  ఆయన నోట ఏ మాట వస్తుందా అని ఆవిడ చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది.

"ఓడ ఆగింది" అన్నాడు ఆయన.

"ఏటి?"

"షికారుకొచ్చినాం. ఓడలో. ఈ ఊర్లో ఆగింది. ఆగింది గదాని..."

"ఆగింది గదాని?"

"దారే గదా."

దీదీ మొహంలో అప్పటిదాకా ఉన్నదేదో పోయింది. "ఓడ ఆగకపోతే?" అని అడిగింది.

ఆయన నేల చూశాడు.

"అమ్మ పోయినప్పుడు ఏ ఓడా ఆగనేదేటి నాన్నా?" గొంతు పెంచలేదు. "ఎనిమిది నెలలకు తెలిసింది నాకు. స్కూల్లో నాతో చదివిన పిల్ల ఫోన్‌లో ఏదో మాట్లాడతా, అరే తుఝే పతా నహీ, నీకు తెలీదా అంది. నాను వంట చేస్తున్నాను. పొయ్యి కట్టీసి అక్కడే కూకున్నాను. ఎనిమిది నెలలు నాను తిన్నాను, నవ్వినాను, పండగలు చేసుకున్నాను. నువ్వు ఒక్క కార్డు ముక్క..."

ఆయన చెయ్యి లేచింది. అరచెయ్యి కిందకు తిరిగి, మెల్లగా, మెల్లగా అంటూ ఆడింది.

"సెయ్యి కాదు" అంది దీదీ. "సెయ్యి దించు. నోటితో సెప్పు. ఒక్కమాట."

 ఆయన దవడలు కదిలాయి. నిజంగా కదిలాయి, నేను చూశాను. ఆ తరవాత ఆయన వాచీ చూసుకున్నాడు.

"నాలుక్కి ఎల్లిపోతాది" అన్నాడు.

"ఏటి?"

"ఓడ."

దీదీ తలూపింది. అంతవరకూ నువ్వు అన్న మనిషి, "అయితే ఎల్లండి. మీ ఓడ నాకోసం ఆగదు గదా" అంది. వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది. తలుపు మాత్రం వెయ్యలేదు.

ఈయన పది నెలలు వెతికింది ఓడ కోసం కాదు దీదీ, నీ ఊర్లో ఆగే ఓడ కోసం. ఈ మాట నా నాలుక చివర ఉంది. నేనెందుకు అనలేదో ఇప్పటికీ నాకు తెలియదు. మధ్యలో మనమెవరం అనుకున్నానేమో. నేనూ గడియారమే చూస్తున్నానేమో. గొడుగు పట్టుకున్న పిల్ల గేటు దాకా వచ్చి, "ఆప్ నానాజీ హైఁ?" అని అడిగింది, తాతయ్య మీరేనా అని. ఆయన తలూపాడు. "ఆప్ భీగ్ రహే హైఁ" అంది ఆ పిల్ల. తడిసిపోతున్నారు అని. గొడుగు గేటు మీదుగా ఆయన వైపు చాపింది. ఆయన అందుకోలేదు. నేను జేబులోంచి నా దుకాణం కార్డు తీసి పిల్ల చేతిలో పెట్టి, ఆయన భుజం పట్టుకుని ఆటో ఎక్కించాను.

వంతెన మీదకు వచ్చేసరికి ఆయన ఒళ్లో సంచీ చూసుకున్నాడు. "ఒరే" అన్నాడు. "ఇది ఇవ్వనేదు."

"పోనీలెండి బాబాయ్."

"సీర ఉన్నాది. ఇవ్వాల. ఎనక్కి తిప్పు." చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పాడు. "ఎనక్కి తిప్పించు."

మూడూ ఇరవై. నాకు ఓడ మీదున్న మా సామాన్లు, గేటు దగ్గర చెప్పిన మాట, తెలియని ఊర్లో మిగిలిపోతే ఈ ముసలాయన్ని తీసుకుని ఎక్కడికి వెళ్లాలన్న భయం. "టైమ్ లేదు బాబాయ్. చీరే కదా, భిలాయి వెళ్లాక కొరియర్‌లో పంపుదాం" అన్నాను. ఆయన ఇంకోసారి అనలేదు. వేలు అలాగే గాలిలో కాసేపు ఉండి, ఒళ్లోకి దిగింది.

ఆ మనిషి మాటలకు అర్థం తెలిసినవాణ్ణి ఆ వేళ భూమ్మీద నేనొక్కణ్ణే. నేను చీర గురించే అనుకున్నాను.

నాలుగుకు పది నిమిషాల ముందు ఎక్కాం. నాలుగైంది. ఓడ కదల్లేదు. గాలి ఇంకా తగ్గలేదట. నాలుగున్నర. అయిదు. ఒకసారి ఎక్కాక మళ్లీ దిగనివ్వరు. ఆయన డెక్ మీద కడ్డీ పట్టుకుని, అటు ఊరివైపు చూస్తూ నిలబడ్డాడు. రెయిన్‌కోటు ఎక్కడో వదిలేశాడు. లోపలికి రమ్మని రెండుసార్లు పిలిచాను. "ఇంకా ఉన్నాది" అన్నాడు. ఓడ గురించి అన్నాడో, టైమ్ గురించి అన్నాడో. అయిదున్నరకు నా ఫోన్‌కు తెలియని నంబరు నుంచి హిందీలో ఒక మెసేజ్ వచ్చింది. 'షిప్ మిలా?' ఓడ అందిందా అని. ఆ పిల్లే అయి ఉంటుందనుకున్నాను. ఆయనకు చూపించాను. కళ్లజోడు మీద నీళ్లు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. "మిలిందని పెట్టు" అన్నాడు. 'మిల్ గయా' అని పెట్టాను. ఓడ ఆరింటికి కదిలింది.

భిలాయి వచ్చాక కొరియర్ మాట ఎత్తితే పిడికిలి చూపించాడు. కానీ రోజూ పదకొండింటికి దుకాణానికి వచ్చేవాడు. స్టూలు మీద కూర్చుని, "అటేపు వానలెలాగున్నాయంట?" అనేవాడు. మెసేజ్ ఏమైనా వచ్చిందా అని. "ఏమీ రాలేదు బాబాయ్. ఫోన్ చేద్దామా?" అంటే లేచి వెళ్లిపోయేవాడు. మరునాడు మళ్లీ వచ్చేవాడు. వేసవిలో కూడా వానల గురించే అడిగాడు. మనిషి సగమైపోయాడు. చాయ్ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికేది. ఆ ముప్పై ఏళ్లూ టన్నుల కొద్దీ ఇనుమును ఊగనివ్వని చెయ్యి. ఒకసారి, "ఆ రైలు ఎన్నింటికి?" అన్నాడు. "ఏ రైలు బాబాయ్?" "ఏదో ఒకటిలే." మరో వారానికి రావటం మానేశాడు. నేను వెళ్లి చూసొచ్చేవాణ్ణి. మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. అలాగే పోయాడు.

ఆ పొద్దున్న ఆ నంబరుకు చేశాను. అవతల కుట్టుమిషను చప్పుడు. "దీదీ, బాబాయ్ పోయాడు" అన్నాను. మిషను ఆగింది. 

మూడోరోజున కూతుర్ని తీసుకుని రైలు దిగింది. అప్పటికి అన్నకొడుకు దహనం చేసేశాడు. పిల్లను లోపల పడుకోబెట్టి, దీదీ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. నేను చెప్పాల్సినదంతా చెప్పాను. పది నెలల వెతుకులాట, పిడికిళ్లు, రైలు వద్దన్న మాట, అన్నీ.

"నాకు తెల్సు" అంది. "ఓడ అన్నప్పుడే తెల్సు. నాన్న కూతుర్ని కానేటి నేను? తెలిసే అడిగాను. ఒక్కసారి ఆ నోట రావాలని. అంతే."

అప్పుడు చెప్పాను, వంతెన మీద ఆయన వెనక్కి తిప్పమన్నాడనీ, నేనే తిప్పించలేదనీ. చెప్పి ఆవిడ వైపు చూడలేకపోయాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"మీ ఆటో ఎల్లిన రెండు నిమిషాలకే నాను పరిగెత్తాను" అంది దీదీ. "చెప్పులు కూడా ఏస్కోలేదు. మెయిన్ రోడ్డు మీద బస్టాపు దాకా. ఎటు ఎల్లారో తెలీలేదు. తిరిగొస్తే ఆ దారినే రావాల గదాని అక్కడే నిల్చున్నాను. పిల్ల గొడుగు తెచ్చింది. పోదాం రామ్మా అంది. నాను కదల్లేదు."

లోపల పిల్ల కదిలిన చప్పుడైతే తల తిప్పి చూసి, మళ్లీ నావైపు తిరిగింది.

"ఆ మెసేజ్ నేనే పెట్టాను. పిల్ల కాదు. ఓడ అందలేదని వస్తాదేమో అని, ఫోన్ చేతిలో పట్టుకుని దేవుడికి దండం పెట్టుకున్నాను. మిల్ గయా అని వచ్చింది. అప్పుడు ఇంటికి ఎల్లిపోయాను."